సగం నీళ్లు మార్చమన్నది నేనే: ఒక కోయి కొలను కేస్ స్టడీ

ఇళ్లలో, ఫామ్‌హౌసుల్లో చేపల కొలనులు కట్టించి, వాటి బాగోగులు చూసుకోవడం నా పని. పుట్టింది కైకలూరు వైపు. నాన్నకి బొచ్చె, శీలావతి పెంచే చెరువులుండేవి. చదివింది ఫిషరీస్, స్థిరపడింది హైదరాబాద్‌లో. ఈ కేసులో అయిదు చేపలు చనిపోయాయి. వాటిని చంపిన సలహా నాది కాబట్టి మిగతా కేసుల కంటే దీన్ని వివరంగా రాసి పెట్టుకున్నాను.

కొంపల్లి వైపు ఒక ఇల్లు. సారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. పెరట్లో పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల లోతున్న కొలను. సుమారు పదివేల లీటర్లు పడుతుంది. చుట్టూ నల్ల గ్రానైట్ అంచు, ఒక మూల చిన్న వాటర్‌ఫాల్, దాని వెనక ఫిల్టర్. 17 కోయి చేపలు, అంటే రంగురంగుల అలంకార చేపలు, ఒక్కోటి అరకిలో అటూ ఇటూ. కట్టించినప్పుడు నేను చెప్పింది ఒక్కటే: "వారానికోసారి పదో వంతు నీళ్లు తీసి బోరు నీళ్లు పెట్టండి సార్." ఎందుకు పెట్టాలో చెప్పలేదు. చెప్పి ఉంటే ఇదంతా జరిగేది కాదేమో.

శనివారం సాయంత్రం ఫోను

ఏప్రిల్ చివరి వారం. సారు ఫోన్ చేశారు. నీళ్లు నీచు వాసన వస్తున్నాయట, వాటర్‌ఫాల్ కింద నురగ కడుతోందట, చేపలు మేతకి ఇదివరకటిలా ఎగబడట్లేదట. నేను అప్పుడు మొయినాబాద్‌లో ఇంకో కొలను దగ్గర మోకాళ్ల లోతు నీళ్లలో ఉన్నాను. "ఈమధ్య నీళ్లు మార్చారా?" అని అడిగాను. "లేదు బాబూ, తగ్గినప్పుడు పోస్తున్నాం అంతే" అన్నారు. ఎండాకాలం, మేత ఎక్కువై ఉంటుంది, నీళ్లు పాతబడి ఉంటాయి అనుకుని "సగం మార్చేయండి సార్, రేపటికి తేరుకుంటాయి" అనేశాను. ఆ మాట అనడానికి నాకు పట్టింది అర నిమిషం.

రాత్రి తొమ్మిదిన్నరకి వాట్సాప్‌లో వీడియో పంపారు. సగం తోడేసి బోరు పైపు వదిలారు. చేపలన్నీ పైపు కింద ధార దగ్గర గుంపు కట్టాయి. "చూడు బాబూ, కొత్త నీళ్లకి ఎంత సంబరపడుతున్నాయో" అని కింద మెసేజ్. నేను బొటనవేలు గుర్తు పెట్టి పడుకున్నాను. కోయి చేపకి ధార అంటే ఇష్టమే, కాదనను. కానీ ఆ వీడియో తర్వాత మళ్లీ చూస్తే, ధార దగ్గరున్న చేపల్లో సగానికి పైగా రెక్కలు ఒంటికి ముడుచుకునే ఉన్నాయి. సంబరంలో ఉన్న చేప అలా ఉండదు.

ఉదయం ఆరుకి మళ్లీ ఫోను. మూడు పోయాయి.

ఆదివారం పొద్దున

ఏడింటికి వెళ్లాను. నీళ్లు చూడ్డానికి ముందు రోజు కంటే శుభ్రంగా ఉన్నాయి, అడుగు కనిపిస్తోంది. 14 చేపలూ పైన, ఒక మూల. మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. తెల్ల కోయిల తోక రెక్కల్లో ఎర్రటి నరాలు తేలి ఉన్నాయి. ఒంటి మీద జిగురు పొర పొరలుగా ఊడుతోంది. చచ్చిన వాటిలో ఒకదాని మొప్ప ఎత్తి చూశాను. లోపలంతా బంక.

మా వాళ్లెవరైనా ముందు అనుమానించేది మూడింటిని: ఆక్సిజన్, క్లోరిన్, వేడి. ఆక్సిజన్ మీటరు పెడితే లీటరుకి 6 మిల్లీగ్రాములకి దగ్గరగా చూపించింది. వాటర్‌ఫాల్ రాత్రంతా నడిచింది కాబట్టి అది మామూలే. వేడి 28 డిగ్రీలు, తప్పేం లేదు. సంపులో బ్లీచింగ్ ఏమైనా వేశారా అని అడిగితే లేదన్నారు. నమ్మకం లేక చుక్కల పరీక్ష చేశాను. పసుపు రంగు రాలేదు, క్లోరిన్ లేదు. పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె (7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం), 8.2 ఉంది. ఇక్కడి బోరు నీళ్లకి అది కూడా మామూలే. చేపలు వదిలే వ్యర్థమైన అమ్మోనియా మాత్రం లీటరుకి 5 మిల్లీగ్రాముల దగ్గర ఆగింది. సగం నీళ్లు మార్చాక 5 ఉందంటే, మార్చకముందు పది ఉండాలి. మరి పది ఉన్నప్పుడు బతికిన చేపలు, అయిదైతే ఎలా చచ్చాయి?

జవాబు మల్లె చెట్ల పక్కనున్న నీలం డ్రమ్ములో దొరికింది. తోటమాలి అన్న ముందు రోజు తోడిన నీళ్లని పారబోయకుండా రెండు డ్రమ్ములు నింపి పెట్టాడు. "చెట్లకి బలమని ఉంచిన సార్, పొద్దుగాల పోద్దామని" అన్నాడు. ఆయనకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. పాత నీళ్లు ఎలా ఉండేవో చెప్పే సాక్ష్యం ఆ ఇంట్లో అదొక్కటే.

డ్రమ్ములో పీహెచ్ పెన్ ముంచాను. 6.2. పెన్ తప్పు చూపిస్తోందేమోనని పీహెచ్ 7 ఉండే ద్రావణంలో పెట్టి సరిచూసుకుని మళ్లీ ముంచాను. 6.2 తప్ప కదల్లేదు. తర్వాత ఆల్కలినిటీ, అంటే పీహెచ్ పడిపోకుండా ఆపే శక్తి నీళ్లలో ఎంతుందో చూసే చుక్కలు తీశాను. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పోసి చుక్క చుక్కగా మందు వేస్తే నీలం రంగు పోయి పసుపు తిరగాలి. ఎన్ని చుక్కలకి తిరిగితే అంత ఆల్కలినిటీ, చుక్కకి దాదాపు 18 మిల్లీగ్రాములు. డ్రమ్ము నీళ్లు ఒక్క చుక్కకే పసుపు తిరిగాయి. బోరు నీళ్లకి 16 చుక్కలు పట్టింది.

అప్పుడు అమ్మగారిని అడిగాను, తగ్గినప్పుడు పోసేది ఏ నీళ్లండీ అని. "ఆర్ఓ ప్లాంటు క్యాన్లు బాబూ. బోరు నీళ్లు పోస్తే గ్రానైట్ మీద తెల్ల చారలు పడుతున్నాయి, ఎంత రుద్దినా పోవట్లేదు. డిసెంబరు నుంచి క్యాన్లే." పక్క నుంచి సారు అందుకున్నారు: "టీడీఎస్, అంటే కరిగిన లవణాలు, నలభై కూడా ఉండదు. మనం తాగేవే." రోజుకి రెండు మూడు క్యాన్లు, ఒక్కోటి 20 లీటర్లు. ఎండకి ఆవిరయ్యేదీ దాదాపు అంతే. వారం వారం మార్చే పదో వంతు కూడా డిసెంబరు నుంచే ఆపేశారట. క్యాన్ల నీళ్లు డబ్బు పెట్టి కొన్నవి కదా, తోడి పారబోయాలంటే మనసొప్పలేదు.

లోపల జరిగింది

చేప తిన్న మేతలోని మాంసకృత్తుల నుంచి అమ్మోనియా మొప్పల గుండా నీళ్లలోకి వస్తుంది. ఫిల్టర్‌లో పట్టిన బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఇంతవరకూ చేపలు పెంచేవాళ్లందరికీ తెలుసు. చాలామంది మర్చిపోయేది ఏమిటంటే, ఆ పని చేసేటప్పుడు బ్యాక్టీరియా నీళ్లలోని ఆల్కలినిటీని తినేస్తుంది. ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ని మార్చడానికి సుమారు 7 గ్రాములు. ఇక్కడ రోజుకి 125 గ్రాముల దాకా మేత వేసేవాళ్లు. దాన్నుంచి వచ్చే అమ్మోనియా నాలుగు గ్రాములు అనుకుంటే, పదివేల లీటర్లలో రోజుకి లీటరుకి 3 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ ఖర్చు. మొదట ఉన్నది 280 పైచిలుకు. బోరు నీళ్లు వారం వారం పడుతుంటే ఈ ఖర్చు పూడుతూ ఉంటుంది. ఆర్ఓ నీళ్లలో పూడ్చడానికేమీ లేదు. లెక్క వేస్తే మూడు నెలల్లో సున్నా. డిసెంబరు చివర మొదలైతే మార్చి చివరికి.

ఆల్కలినిటీ అయిపోతే పీహెచ్ జారిపోతుంది. 6.5 కిందికి వచ్చాక ఫిల్టర్ బ్యాక్టీరియా దాదాపు చేతులెత్తేస్తుంది. అక్కణ్నుంచి అమ్మోనియా పేరుకోవడమే. రోజుకి 0.4 చొప్పున, మూడు నాలుగు వారాల్లో పది.

అయినా చేపలు బతికే ఉన్నాయి, ఎందుకంటే అమ్మోనియాకి రెండు రూపాలు. ఒకటి విషం, ఒకటి చేపకి పెద్దగా ప్రమాదం లేనిది. ఏది ఎంత ఉంటుందో పీహెచ్, వేడి నిర్ణయిస్తాయి. 28 డిగ్రీల దగ్గర పీహెచ్ 6.2 అయితే విషరూపం వెయ్యిలో ఒక వంతు. పీహెచ్ 8.2 అయితే పదిలో ఒక వంతు. పాత నీళ్లలో మొత్తం పది ఉన్నా విషం 0.01 మాత్రమే. సగం తీసి బోరు నీళ్లు కలిపాక మొత్తం అయిదే, కానీ విషం 0.5. అంటే నేను అమ్మోనియాని సగానికి తగ్గించి, విషాన్ని యాభై రెట్లు చేయించాను. దానికి తోడు ఒక్క రాత్రిలో పీహెచ్ రెండు పాయింట్లు ఎగబాకింది. అది ఒక్కటే చాలు చేపని కుదేలు చేయడానికి.

ఇంకో మెలిక ఉంది. బోరు నీళ్లు అప్పటికప్పుడు పైపు దగ్గర పడితే పీహెచ్ 7.2 చూపించాయి. భూమి లోపలి కార్బన్ డయాక్సైడ్ ఇంకా వాటిలోనే ఉంటుంది కాబట్టి. కొన్ని గంటలు గాలి తగిలితే ఆ గ్యాసు పోయి పీహెచ్ 8 దాటుతుంది. వాటర్‌ఫాల్ రాత్రంతా చేసింది అదే. కొత్త నీళ్ల పీహెచ్ పైపు దగ్గర కొలిచి, బాగానే ఉంది కదా అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

విచిత్రమేమిటంటే ఇది నాకు కొత్త కాదు. మా ఊళ్లో అడుగున మురుగు పేరుకున్న చెరువులో సున్నం ఎక్కువ మోతాదులో చల్లితే తెల్లారేసరికి చేప తేలుతుంది. రైతులు సున్నం మంచిది కాదు, కల్తీ అని కొట్టువాడి మీదికి వెళ్తారు. నాన్న మాత్రం "సున్నాన్ని తిట్టి లాభం లేదురా, అడుగు చూసుకోవాలి ముందు" అనేవాడు. సున్నం చేసేదీ పీహెచ్ పెంచడమే. కొంపల్లి కొలనులో బోరు నీళ్లు సున్నం పని చేశాయి. నాన్న మాట విని పెరిగినవాణ్ని, కాలేజీలో ఇదే పాఠం పరీక్ష కోసం బట్టీ పట్టినవాణ్ని, ఫోన్లో మాత్రం సగం మార్చమన్నాను.

పన్నెండింటిలోపు

టైము తక్కువ. ఎండెక్కితే నీళ్లలోని నాచు కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చేస్తుంది, పీహెచ్ 8.5 కి పోతుంది, విషం దాదాపు రెట్టింపవుతుంది.

సారు ముందు అడిగింది, వెనిగర్ గానీ నిమ్మరసం గానీ పోసి పీహెచ్ దించుదామా అని. వద్దన్నాను. రాత్రి రెండు పాయింట్లు ఎక్కిన చేపని పొద్దున మళ్లీ రెండు దించితే మిగిలినవీ పోతాయి. ఈ చేపలు రాత్రి నుంచి కొన్ని గంటలుగా 8 పైన ఉన్నాయి, అక్కడే ఉంచాలి, అమ్మోనియా మాత్రం తీసేయాలి. కాబట్టి అదే పీహెచ్ ఉన్న, అమ్మోనియా లేని నీళ్లు కావాలి. డాబా మీద ట్యాంకులో ముందు రోజు సాయంత్రం ఎక్కించిన బోరు నీళ్లున్నాయి. పీహెచ్ 8.0, అమ్మోనియా సున్నా. వేడి 29. పొద్దున్నే కాబట్టి సరిపోయింది. అదే ట్యాంకు ఏప్రిల్ మధ్యాహ్నం రెండింటికైతే చేయి పెట్టలేం.

బండిలో నా టార్పాలిన్ తొట్టి ఎప్పుడూ ఉంటుంది, 1,500 లీటర్లది. నీడలో పరిచి, డాబా ట్యాంకు నీళ్లు జల్లెడ మీంచి పడేలా నింపాను. రెండు ఎయిర్ పంపులు, వాటి గాలిని బుడగలుగా వదిలే నాలుగు గాలి రాళ్లు. రాళ్ల ఉప్పు నాలుగున్నర కిలోలు కరిగించి పోశాను. మొప్పలు దెబ్బతిన్న చేపకి ఆ మాత్రం ఉప్పు ఊపిరి పోస్తుంది. చేపల్ని వలతో ఎత్తలేదు, జిగురు ఇప్పటికే ఊడుతోంది. వెడల్పు బేసిన్ నీళ్లలోకి దించి, వలతో మెల్లగా అందులోకి తోలి, నీళ్లతో సహా ఎత్తాం. 14 చేపలకి ముప్పావుగంట. తొట్టిలోకి వెళ్లిన పది నిమిషాలకి కొన్ని రెక్కలు విప్పాయి. ఒకటి మాత్రం పక్కకి ఒరిగిపోయి మధ్యాహ్నానికి చనిపోయింది.

తర్వాత పని తేలికే, నడుం నొప్పి తప్ప. కొలను నీళ్లలో ఎనభై శాతం తోడేశాం. అడుగు మడ్డిని కెలక్కుండా పైపుతో లాగాం. ఫిల్టర్‌లోని స్పాంజిలు, ప్లాస్టిక్ గుండ్లు డ్రమ్ము నీళ్లలో వేసి ఒక గాలి రాయి పెట్టాను. సారు ఉత్సాహంగా పైపుతో వాటిని కడగబోతుంటే ఆపాల్సి వచ్చింది. అవి కడిగేస్తే ఉన్న కాస్త బ్యాక్టీరియా కూడా పోతుంది. ఏప్రిల్ బోరు కదా, ఎనిమిది వేల లీటర్లు నిండడానికి అయిదు గంటలు పట్టింది. నింపుతున్నప్పుడే పైపుని వాటర్‌ఫాల్ రాళ్ల మీద పెట్టి గ్యాసంతా పోయేలా చూశాను. మిగిలిన ఒక మిల్లీగ్రాము అమ్మోనియాకి కట్టు వేసే బైండర్ పొడి కలిపాను. సాయంత్రం ఆరింటికి 13 చేపల్ని తిరిగి వదిలాం. మర్నాడు ఇంకొకటి పోయింది. మిగిలినవి 12.

జియోలైట్ అనే ఖనిజం ఎందుకు వాడలేదని ఒక కుర్ర టెక్నీషియన్ తర్వాత అడిగాడు. మంచి ప్రశ్న. మంచినీళ్ల కొలనులో జియోలైట్ అమ్మోనియాని పట్టుకుంటుంది, కానీ ఉప్పు వేస్తే పట్టిందంతా వదిలేస్తుంది. నాకు ఉప్పు అవసరమైంది కాబట్టి జియోలైట్ వదులుకున్నాను. రెండూ కలిపి వేయమని చెప్పేవాళ్లు మా వృత్తిలో ఇంకా ఉన్నారు.

ఆ మూడు వారాలు

మొదటి నాలుగు రోజులు మేత లేదు. తర్వాత పావు వంతు. రోజూ పదో వంతు బోరు నీళ్లు, పొద్దున తొమ్మిది, పది మధ్య. రాత్రి మార్చొద్దని ఖచ్చితంగా చెప్పాను. ఏదైనా తేడా వస్తే చూసే మనిషి ఉండాలి, పైగా తెల్లవారుజామున ఆక్సిజన్ ఎలాగూ అడుగంటుతుంది. ఫిల్టర్ తిరిగి పని మొదలెట్టాక రెండో వారంలో నైట్రైట్ లేచింది. కొలనులో లీటరుకి ఒక గ్రాము చొప్పున ఉప్పు ఉంచాం కాబట్టి చేపలు ఇబ్బంది పడలేదు. మూడో వారం చివరికి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా.

ఫిల్టర్‌లో ఇప్పుడు ఒక వల సంచి వేలాడుతోంది. అందులో మూడు కిలోల గుల్ల, అంటే సున్నం కాల్చడానికి వాడే చిప్పలు. మా ఊరి నుంచే తెప్పించాను. పీహెచ్ జారబోతే అవి కొద్దికొద్దిగా కరిగి ఆసరా ఇస్తాయి. ఆల్కలినిటీ అయిదు చుక్కల కిందికి వస్తే వంటసోడా, రోజుకి వంద గ్రాములు మించకుండా.

శనివారం సాయంత్రానికి తిరిగి వెళ్లగలిగితే ఏం చేసేవాణ్ని? చాలాసార్లు ఆలోచించాను. ముందు మేత ఆపించేవాణ్ని. పీహెచ్ 6.2 ని అలాగే ఉండనిచ్చి, ఫిల్టర్ నీళ్లు జియోలైట్ సంచి గుండా రెండు రోజులు తిప్పి, బైండర్ వేసి, అమ్మోనియాని దించేవాణ్ని. అప్పుడు బోరు నీళ్లు, రోజుకి అయిదు శాతం మించకుండా. నిజానికి ఆ మొదటి మార్పుకి అన్నిటికంటే సురక్షితమైనవి సారు పోస్తున్న ఆర్ఓ నీళ్లే, పీహెచ్ లేవకుండా అమ్మోనియాని పలచన చేసేవి. అయిదు వేల లీటర్లంటే 250 క్యాన్లు. ఆ మాట చెప్పినప్పుడు సారు చాలా రోజుల తర్వాత నవ్వారు.

ఈ కేసు తర్వాత ఫోన్లో ఎవరికీ శాతాలు చెప్పడం మానేశాను. పాత నీళ్ల పీహెచ్, ఆల్కలినిటీ చెప్పమంటాను. కిట్ లేకపోతే బకెట్ పని చెప్తాను: ఎంత నిష్పత్తిలో మార్చాలనుకుంటున్నారో అదే నిష్పత్తిలో పాత, కొత్త నీళ్లు బకెట్లో కలిపి, గాలి రాయి వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున ఏ అక్వేరియం షాపులోనైనా బకెట్ నీళ్లకీ, కొలను నీళ్లకీ పీహెచ్ చూపించండి. తేడా అర పాయింటు దాటితే నేను వచ్చేదాకా ముట్టుకోవద్దు.

మున్సిపల్ నీళ్లు వాడేవాళ్లకి క్లోరిన్ గొడవ వేరే ఉంది. కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని మన తాగునీటి ప్రమాణం. మనకి మంచిదే, చేప మొప్పకి అది ఎక్కువ. సోడియం థయోసల్ఫేట్ వాడతాం, పాత ఫొటో స్టూడియోల వాళ్లు హైపో అనే పలుకులు. ఒక మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్న వెయ్యి లీటర్లకి 7 గ్రాములు చాలు, నేను చేయి కాస్త ఎక్కువేసి 10 వేస్తాను. నీళ్లు కొలనులో పడ్డాక కాదు, పడకముందు వేయాలి.

డ్రమ్ముల్లో మిగిలిన నీళ్లు ఆ ఆదివారం సాయంత్రమే మల్లెలకి వెళ్లాయి. గ్రానైట్ అంచు మీద తెల్ల చారలు మళ్లీ మొదలయ్యాయి. అమ్మగారు నెలకోసారి నిమ్మచెక్కతో రుద్దుతున్నారు, రసం కొలనులో పడకుండా కింద తువ్వాలు మడిచి పెట్టుకుని.